డాంజీ: పేరు మిగిలిన పడవ

పడవ వేగమంతా ఇంజనులోనే ఉందని చూసేవారు భ్రమపడతారు. తెలిసినవారు అడుగుభాగాన్ని చూస్తారు. 1960లో మయామీ నుండి నాసావుకు జరిగిన సముద్రపు పందెం ఈ సత్యాన్ని స్పష్టం చేసింది. ఆనాటి కల్లోల సముద్రంలో, రే హంట్ రూపకల్పన చేసిన ‘మాపీ’ విజయం సాధించింది. దాని అడుగుభాగం ముందు నుండి వెనుక కొస దాకా లోతైన ‘వి’ ఆకారంలో సాగింది. బల్లపరుపు అడుగు గల పడవ అలపై పడి అదిరిపోయే చోట, ఈ ఆకారం నీటిని చీల్చుకొని దిగింది. డాంజీ చరిత్రకు పునాది ఆ రేఖాగణితమే.

భవన నిర్మాణంలో ధనం గడించి మయామీ చేరిన డాన్ అరనో 1962లో ఫార్ములా సంస్థను నెలకొల్పాడు. 1964లో దానిని విక్రయించి, తన ముద్దుపేరుతోనే డాంజీని ప్రారంభించాడు. జిమ్ విన్, వాల్ట్ వాల్టర్స్ వంటి నిపుణుల చేతిలో రూపొందిన 16 అడుగుల చిన్న పడవ సంపన్నులనే కాక పందెగాళ్లనూ ఆకర్షించింది. అలంకారం తక్కువ, పటుత్వం ఎక్కువ. పందెమే దానికి ప్రకటన.

అయితే మరుసటి ఏడాదే అరనో డాంజీని టెలిఫ్లెక్స్ సంస్థకు అమ్మివేశాడు. 1966లో మాగ్నం, దశాబ్దాంతానికి సిగరెట్ సంస్థలు అతని చేతనే వెలిశాయి. పుట్టించినవాడే పోటీదారులనూ పుట్టించడం డాంజీకి పట్టిన తొలి దురదృష్టం. అయినా పాత చిన్న పడవల నమూనాలను దశాబ్దాల పాటు కాపాడుకోవడం వల్ల దాని ప్రతిష్ఠ నిలిచింది. 1987లో అరనో మయామీలో హత్యకు గురయ్యాడు. అప్పటికే మాదకద్రవ్యాల రవాణాతో ముడిపడి అపఖ్యాతి పాలైన వేగపు పడవల లోకంపై ఆ మరణం మరింత నీడ పరచింది.

అసలు దెబ్బ 2008లో తగిలింది. అమెరికాలో పెట్రోలు ధర గ్యాలనుకు 4 డాలర్లు దాటింది. ఆపై బ్యాంకులు అప్పులు బిగించాయి. అప్పు మీద కొనే విలాస వస్తువుకు ఈ రెండూ ఒకేసారి ఎదురైతే తట్టుకోవడం కష్టం. వేగపు పడవలకు పేరెన్నికగన్న ఫౌంటెన్ సంస్థ సైతం 2009లో దివాలా చట్టం రక్షణ కోరింది. అనంతరం డాంజీ, ఫౌంటెన్ ఒకే గొడుగు కిందికి చేరాయి. డాంజీ తయారీ ఫ్లారిడాను వీడి ఉత్తర కరోలినాకు తరలింది. ఆలోగా కొనుగోలుదారుల అభిరుచీ మారింది. వెనుక మూడు నాలుగు ఔట్‌బోర్డ్ ఇంజన్లు బిగించి, చేపల వేటకూ కుటుంబ విహారానికీ పనికివచ్చే పడవలే వేగంలోనూ పోటీకి వచ్చాయి. వేగం ఒక్కటే అమ్మే పడవకు చోటు కుంచించుకుపోయింది.

ఈ పతనానికి మాంద్యాన్ని మాత్రమే నిందించడం సులువు. కానీ ఫైబర్‌గ్లాస్ పడవ నాణ్యత పైరంగులో కనిపించదు. అచ్చులో గాజుబట్టను ఎన్ని పొరలుగా పరిచారు, రెజిన్‌తో ఎంత సమంగా తడిపారు, గాలిబుడగలను ఎంత ఓర్పుతో తొలగించారు అన్నదానిలో అది దాగి ఉంటుంది. యాజమాన్యం మారినప్పుడు అచ్చులను లారీలకెక్కించి రాష్ట్రం దాటించవచ్చు, పేరును పత్రంపై బదిలీ చేయవచ్చు. ఏళ్ల తరబడి ఆ పొరలు పరచిన పనివారందరూ వాటి వెంట వెళ్లలేరు. నేటికీ పాత డాంజీలను వెతికి, శ్రమపడి బాగుచేసుకొనే అభిమానులు ఉన్నారు. వారు కాపాడుతున్నది ఆ పేరును కాదు, ఆ పనివారి చేతిపనిని.