జిగురు గొట్టము, అంగడి, శాసనము

నల్లమందునో గంజాయినో అరికట్టదలచిన ప్రభుత్వము వాని సాగునే నిషేధింపగలదు; కాని చెప్పుల నతికించు జిగురును, రంగులలో కలుపు థిన్నరును, లైటరులో నింపు బ్యూటేను వాయువును నిషేధించుట యెట్లు? నిత్యావసరములైన యీ వస్తువులే బాలుర శ్వాసకోశములలోనికి విషమై ప్రవేశించుచుండగా, శాసనకర్తలు అంగడి వైపు దృష్టి మరల్చవలసివచ్చెను.

అమెరికాలో బొమ్మవిమానముల జిగురును పిల్లలు పీల్చుచున్నారని 1959లో పత్రికలు వ్రాసినవి. 1962లో కాలిఫోర్నియాలోని అనహైము పట్టణము దీనిపై శాసనము చేసెను. 1969లో టెస్టర్సు కంపెనీ తన జిగురులో ఆవనూనె ఘాటును కలిపి, పీల్చుటయే దుర్భరమగునట్లు చేసెను.

అయితే విక్రేత బాధ్యతను లోతుగా విచారించినది బ్రిటనే. గ్లాస్గో నగరమున ఇద్దరు దుకాణదారులు పిల్లలకు జిగురు నమ్ముటతో తృప్తిపడక, దానిని పోసికొని పీల్చుటకు అనువుగా చిప్సు పొట్లములను, ప్లాస్టిక్ సంచులను సైతము జతచేసి యిచ్చిరి. జిగురు నమ్మరాదను చట్టము లేకపోయినను, హాని కలుగునని యెరిగియు పిల్లల కందించుట నేరమేయని స్కాట్లండు ఉన్నత న్యాయస్థానము 1983లో నిర్ణయించెను. ఇంగ్లండు, వేల్సులలో 1985 నాటి చట్టము, మత్తుకై పీల్చుదురని తెలిసియో, అట్లు నమ్ముటకు తగిన కారణముండియో 18 ఏండ్లు నిండనివారికి అట్టి పదార్థముల నిచ్చినవానికి ఆరునెలల వరకు కారాగారశిక్షను విధించెను. ఉద్దేశము శ్లాఘ్యమే, కాని బల్ల కావలనున్న వర్తకుని మనస్సులో నేమున్నదో రుజువు చేయుట సులభమా?

ఈలోపల జిగురు స్థానమును లైటరు వాయువు ఆక్రమించెను. దానిని నేరుగా గొంతులోనికి చిమ్ముకొన్నచో ఆ శైత్యమునకు కంఠనాళము వాచి ఊపిరాడదు. ఆ మత్తులో నున్న గుండె, ఎవరైన అదలించినను, పరుగెత్తినను, లయ తప్పి ఆగిపోవచ్చును. మొదటిసారి పీల్చిన బాలుడును ఇట్లు మరణింపవచ్చునన్నది వైద్యులు చెప్పిన భయంకర సత్యము. లండనులోని సెయింట్ జార్జి వైద్యకళాశాలవారు సేకరించిన లెక్కల ప్రకారము, ద్రావక, వాయువుల దుర్వినియోగము వలన 1990లో బ్రిటనున 152 మంది మరణించిరి.

1999 అక్టోబరు 1 నుండి అమలైన నిబంధన వర్తకుని మనోగతమును విచారింపలేదు. 18 ఏండ్లలోపువారికి బ్యూటేను లైటరు రీఫిల్లును అమ్మరాదని మాత్రము చెప్పినది. నా దృష్టిలో ఈ చరిత్రమంతటిలో మిక్కిలి వివేకవంతమైన అడుగిది. కొనువాని వయస్సును తెలిసికొనుట ఏ దుకాణదారునకైనను సాధ్యమే కదా. 2016లో కొత్త చట్టము వచ్చి 1985 నాటి చట్టమును రద్దుచేసినది.

మన దేశమున, రైల్వే స్టేషన్లలో గుడ్డపై వైట్‌నరు పోసి పీల్చు అనాథబాలుర దుస్థితి చిరకాలముగా తెలిసినదే. 2012లో కేంద్ర ఆరోగ్యశాఖ సీసాలలోని వైట్‌నరును, దానితో వచ్చు థిన్నరును చిల్లరగా అమ్ముటను నిషేధించి, కలము రూపమున మాత్రమే అనుమతించెను. కాని పిల్లలు అట్లే పీల్చు సైకిలు పంక్చరు సొల్యూషను ఆ నిషేధమున చేరలేదు. దానిని నిషేధించినచో పంక్చరు వేయువాని బ్రతుకు దెబ్బతినును గనుక, వయస్సే ప్రమాణముగా గల బ్రిటను నిబంధన వంటిదే యిచ్చటను విధింపవలయును.