ఆళ్లగడ్డ నుంచి చూస్తే వాల్తేరు అర్థశాస్త్రం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న పుట్టింది. నూరేళ్ల పండుగ వేళ ప్రతి శాఖా తన పెద్దల పేర్లు తలచుకోవడం సహజం. అర్థశాస్త్ర శాఖకు తలచుకోదగ్గ పేర్లు తక్కువేమీ కావు. ఇక్కడ అర్థశాస్త్రం బోధించిన వాసిరెడ్డి శ్రీకృష్ణ 1949 నుంచి 1961 దాకా ఇదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉండి, ఆపై యూజీసీ అధ్యక్షుడయ్యారు. ఈనాటి విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆయన పేరు మీదే ఉంది. ఈ శాఖ ఆచార్యుడు కె.ఎస్. చలం యూపీఎస్సీ సభ్యుడయ్యారు. భౌతికశాస్త్రం చదివి, 1972లో ఐఏఎస్‌లో దేశంలోనే మొదటివాడిగా నిలిచిన దువ్వూరి సుబ్బారావు డాక్టరేట్ తీసుకున్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచే. 2008లో ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. ప్రత్యేక సంచికల్లో ఇలాంటి పేర్లు పక్కపక్కన పేర్చి ఇదే శాఖ చరిత్ర అనడం మామూలే. నేను ఒప్పుకోలేనిది ఆ మాటనే. అర్థశాస్త్ర శాఖ ఘనతను కొలవాలంటే అక్కడివాళ్లు ఎక్కిన కుర్చీల కంటే ముందు, వాళ్లు ఏ ఊరి మట్టిని ఏ ప్రశ్న అడిగారో, ఆ జవాబు ఎవరికి అందిందో చూడాలి. ఆ కొలతను విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు కొండ మీద నిలబడి వేస్తే ఒక లెక్క తేలుతుంది, రాయలసీమలోని మా ఆళ్లగడ్డ నుంచి వేస్తే మరో లెక్క తేలుతుంది. రెండో లెక్క కూడా ఈ నూరేళ్ల చరిత్రలో చేరాలని నా పట్టుదల.

వాల్తేరుతో ఆళ్లగడ్డకేం పని అని ఎవరైనా అడగవచ్చు. చరిత్రే జవాబు చెబుతుంది. తెలుగువాళ్లందరి కోసం అడిగి తెచ్చుకున్న విశ్వవిద్యాలయం ఇది. దాని తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి చిత్తూరు మనిషి. కానీ కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగవు బెజవాడ, రాజమండ్రి, అనంతపురం, వాల్తేరుల మధ్య తిరిగి, చివరకు వాల్తేరు దగ్గర ఆగింది. దత్తమండలాల (నేటి రాయలసీమ) కళాశాలలు మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్లిపోయాయి. ఆ రోజుల్లోనే, 1928 నవంబరులో, నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' పేరును ఈ ప్రాంతం స్వీకరించింది అక్కడే. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో నదీజలాల మాటతోపాటు విశ్వవిద్యాలయం మాట కూడా ఉంది. వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఇంకొకటి ఉండాలన్నారు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాయి. నీళ్లను, చదువును ఒకే కాగితం మీద రాసుకున్న సీమ ఇది. అలాంటి సీమ నుంచి అర్థశాస్త్ర శాఖల పనిని నిలదీసి అడగడం ఎవరూ తప్పు పట్టాల్సిన పని కాదు.

ముందు వాల్తేరు చేసిన మంచి పని చెప్పుకుందాం, అది నిజంగా మంచి పని గనుక. స్వాతంత్ర్యం వచ్చాక తొలి దశాబ్దాల్లో ఆ శాఖవారు పుస్తకాల్లోని సిద్ధాంతాలను వల్లెవేస్తూ కూర్చోలేదు. జమీందారీ రద్దు వల్ల ఆంధ్ర పల్లెల్లో ఆర్థికంగా, సామాజికంగా ఏం మారిందో బి. సర్వేశ్వరరావు అధ్యయనం చేశారు. జి. పార్థసారథి, బి. ప్రసాదరావు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో భూసంస్కరణల అమలు మీద రాసిన పుస్తకం 1969లో వచ్చింది. ఆ పుస్తకం పేరులోని 'అమలు' అన్న మాటే దాని విలువ చెబుతుంది. చట్టంలో ఏం రాశారన్నది శాసనసభకు తెలుసు. ఊళ్లో ఏమైందన్నది పొలం గట్టు మీదికి వెళ్లి అడిగినవాడికే తెలుస్తుంది. పార్థసారథి 1971లో చిన్న రైతుల మీద మరో పుస్తకం రాశారు. విశ్వవిద్యాలయంలోని వ్యవసాయ ఆర్థిక పరిశోధన కేంద్రం పల్లెలను సర్వే చేసి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ అవే పల్లెలకు వెళ్లే పద్ధతిని పట్టుకుంది. ఒక పల్లెను ఒక్కసారి చూస్తే అప్పటి స్థితి మాత్రమే దొరుకుతుంది. రెండోసారి వెళ్లినప్పుడే ఏ పొలం చేతులు మారిందో, ఎవరు ఊరు విడిచిపోయారో, ఏ పంట ఏ పంటను తరిమేసిందో బయటపడుతుంది. ఇంటింటికీ తిరిగి ప్రశ్నాపత్రాలు నింపిన పరిశోధక విద్యార్థుల పేర్లు ఏ సన్మానపత్రంలోనూ కనిపించవు. నా దృష్టిలో ఆ శాఖ సాధించినవాటిలో మొదటి వరుస వాళ్లదే.

అయితే జమీందారీ రద్దు ఉత్తర సర్కారుల ప్రశ్న. 1800లో నిజాం మా సీమను కుంపిణీకి దత్తం చేశాక 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించి, రైతుతోనే నేరుగా పన్ను ఒప్పందం చేసుకునే రైత్వారీని స్థిరపరిచాడు. కాబట్టి మాకు జమీందారు పోతే ఏమవుతుందన్నది పెద్ద ప్రశ్న కాలేదు. నీళ్లు వస్తే ఏమవుతుంది, రాకపోతే ఏమవుతుందన్నదే ప్రశ్న. దానికి కేసీ (కర్నూలు-కడప) కాలువను మించిన పాఠ్యపుస్తకం లేదు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పొడవున 1860లలో ఈ కాలువ తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. నష్టమొచ్చినా వాటాదారుకు వడ్డీ ఆగదు గనుక ఖర్చు అదుపులో పెట్టాల్సిన తొందర కంపెనీకి లేకపోయింది. నీళ్లొచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. నంద్యాల లోయలోని నల్లరేగడి రైతులు ఆ నీళ్లు కొనడానికి ముందుకు రాలేదు. దొరలు దీన్ని మొండితనం అన్నారు. కానీ రేగడి నేల వాన తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. జొన్న, పత్తి ఆ తేమతోనే పండుతాయి. మామూలు ఏడాదిలో వచ్చే అదనపు రాబడి నీటితీరువకు, చేను వరిమడిగా మార్చే ఖర్చుకు సరిపోదని రైతు వేసిన లెక్క తప్పు కాదు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా దాదాపు నాలుగోవంతు మందిని పోగొట్టుకుని కనిపించింది. నీళ్లంటే మామూలు ఏడాది రాబడి మాత్రమే కాదని, చెడ్డ ఏడాదికి భరోసా అని ఆ కరువు నేర్పింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. వడ్డీ హామీ, నీటి ధర, నేల గుణం, కరువు భయం, ఈ నాలుగూ ఒకే కాలువలో కలిసిన ఉదాహరణ ప్రపంచ అర్థశాస్త్రంలోనే అరుదు. 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు, కృష్ణా జలాల పంపకంలో బచావత్ ట్రిబ్యునల్ కేటాయించిన 39.9 టీఎంసీలు ఉన్న ఈ కాలువ, మా ప్రాంతంలోని ప్రతి డిగ్రీ విద్యార్థికీ అర్థశాస్త్రంలో మొదటి పాఠం కావలసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పదవులను తక్కువ చేయడం న్యాయమా? గవర్నర్లూ ఆర్థిక సంఘం అధ్యక్షులూ తీసుకునే నిర్ణయాలు ఆళ్లగడ్డ దాకా రావడం లేదా? వస్తాయి. కడప జిల్లాలో పుట్టి, ఉస్మానియాలో డాక్టరేట్ చేసిన యాగా వేణుగోపాలరెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశాక 14వ ఆర్థిక సంఘానికి అధ్యక్షత వహించారు. రాష్ట్రాలకు పంచే కేంద్ర పన్నుల వాటాను ఆ సంఘం 32 నుంచి 42 శాతానికి పెంచమంది. ఆ తేడా ప్రతి పంచాయతీ రోడ్డు మీదా కనబడేదే. సుబ్బారావు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసం రాష్ట్రస్థాయి ఆర్థిక సంస్కరణల మీద. ఆయన ఈ రాష్ట్ర ఆర్థిక కార్యదర్శిగా పనిచేసిన అనుభవానికీ ఆ ప్రశ్నకూ ఉన్న బంధం దాచినా దాగదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఆర్. రాధాకృష్ణ 2007లో రైతుల రుణభారం మీద కేంద్రం వేసిన నిపుణుల బృందానికి అధ్యక్షుడు. 2003 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 82 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆ లెక్క 48.6 శాతం. ఆ తేడా ఎందుకొచ్చిందో అడగడానికి ఒకరు కూర్చున్నారంటే ఆ కుర్చీకి విలువ ఉంది. నా వాదన పదవికి ఎదురు వెళ్లడం లేదు. పదవి వెనుక ప్రశ్న ఉంటే అది శాఖకు ఘనతే. ప్రశ్న లేని పదవి ఆ వ్యక్తికి మాత్రమే గౌరవం.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఒక తాలూకా గొడవ ఆ తాలూకాకే, శాస్త్రం అన్నిచోట్లకూ వర్తించాలి, ఆళ్లగడ్డ గుత్త రేట్ల మీద డాక్టరేట్ ఇస్తే అది అర్థశాస్త్రం ఎలా అవుతుంది అంటారు. కానీ ఈ దక్షిణ దేశంలో ఆ శాస్త్రం వేళ్లూనుకున్న తీరే దీనికి జవాబు. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి అర్థశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థులను సెలవుల్లో వాళ్ల సొంత ఊళ్లకే సర్వేకు పంపాడు. ఆ సర్వేలు 1918లో పుస్తకంగా వచ్చాయి. 1930లలో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అవే పల్లెలకు మళ్లీ వెళ్లారు, తర్వాత తరాలూ వెళ్లాయి. ఒక ఊరి కుర్రాడు తన ఊరి గురించి నింపిన కాగితాలు దేశ గ్రామీణ చరిత్రకే ఆధారమయ్యాయి. పేదరైతు కూడా లెక్క తప్పని మనిషేనని 1964లో అర్థశాస్త్రవేత్త థియోడర్ షుల్జ్ రాసి ప్రపంచాన్ని ఒప్పించాడు. నంద్యాల లోయ రైతు కేసీ కాలువ గట్టు మీద ఆ మాటను అంతకు తొంభై ఏళ్ల ముందే చేసి చూపించాడు. చూసి రాసుకునే అర్థశాస్త్ర శాఖ మాకు అప్పట్లో లేకపోయింది, అంతే. వ్యవసాయ శాస్త్రానికి మాత్రం నంద్యాలలో 1906 నుంచే పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన 'నరసింహ' పత్తి పేరు చెబితే రైతు గుర్తుపడతాడు. స్థానిక నేలకు కట్టుబడినందుకు ఆ శాస్త్రం చిన్నదైపోలేదు. సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన 1994లో వచ్చిన నివేదికా ఇలాంటిదే. కరువు ప్రాంతాల పథకాలు ఎందుకు ఫలించలేదో అడిగి, ఊరివాళ్ల చేతిలో వాటర్‌షెడ్ పెట్టాలని అది చెప్పింది. 1995 ఏప్రిల్ నుంచి దాని మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. రాయలసీమ మెట్టల్లో కట్టిన రాతికట్టలకూ చెక్‌డ్యాములకూ వెనుక ఒక అర్థశాస్త్రవేత్త కలం ఉందని ఎంతమందికి తెలుసు?

మూడో అభ్యంతరం నేను కొట్టిపారేయలేనిది. ఇవాళ శాఖలకు ఆ బలం ఏదీ అంటారు. ఖాళీ అయిన ఆచార్య పదవులు నిండడం లేదు, మంచి మార్కులొచ్చిన పిల్లలు ఇంజనీరింగ్ వైపు పోతున్నారు, డాక్టరేట్లలో ఒకే మూసలో పోసినవి చాలా ఉన్నాయి. నిజమే. కానీ అడగాల్సిన ప్రశ్నలు మాత్రం తరగలేదు. మా వైపు పొలం గుత్తకు చేసేవాడు, కోరుకు (పంటలో వాటాకు) చేసేవాడు నోటిమాట మీదే దున్నుతాడు. 2011లో వచ్చిన చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తానంది. 2019 చట్టం ఆ చోట పంట సాగుదారు హక్కు పత్రాన్ని తెచ్చింది. దాని గడువు 11 నెలలు, దానికి యజమాని ఒప్పుకోలు కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని జంకుతాడు, అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడేమోనని కౌలుదారు నోరు మెదపడు. చివరికి పెట్టుబడి పెట్టినవాడికి బ్యాంకు అప్పూ రాదు, పంట నష్టపరిహారమూ రాదు. 1969లో పార్థసారథి, ప్రసాదరావు అడిగిన ప్రశ్ననే నంద్యాల జిల్లాలో ఇప్పుడు మళ్లీ అడగాలి. దానికి గొప్ప ప్రయోగశాల అక్కర్లేదు. ఆళ్లగడ్డ, శిరివెళ్ల, రుద్రవరం మండలాల్లో కాలువ తలవైపు కొన్ని ఊళ్లు, చివరవైపు కొన్ని ఊళ్లు, ఒక పరిశోధక విద్యార్థి, మళ్లీ మళ్లీ వెళ్లే ఓపిక చాలు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ కొత్త జిల్లాకు ఆ తొలి లెక్క ఇప్పుడే రాసి పెట్టుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చేవాడు దేనితో పోల్చుకోవాలో తెలుస్తుంది.

ఇక జవాబు ఎవరికి అందిందన్న సంగతి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాలను తెలుగులోకి తెచ్చింది గనుకనే పల్లె కళాశాలల పిల్లలు ఆ శాస్త్రాన్ని అమ్మభాషలో చదవగలిగారు. పరిశోధన మాత్రం ఆ దారిలోకి రాలేదు. 2009 యూజీసీ నిబంధనల వల్ల సిద్ధాంతవ్యాసాలు ఇప్పుడు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో అందరికీ తెరిచే ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే. తన అప్పుల గురించి, తన నీటివాటా గురించి రాసిన మూడు వందల పేజీలను గుత్తరైతు చదవలేడు. అతని బ్యాంకు మేనేజరూ చదవడు. వాల్తేరు, తిరుపతి, అనంతపురం, కర్నూలు శాఖలు నాలుగూ కలిసి ఒక నియమం పెట్టుకోవచ్చు: ఒక జిల్లా మీద చేసిన ప్రతి డాక్టరేటుకూ ఇరవై పేజీల తెలుగు సారాంశం జత చేయాలి, దాని ప్రతి ఆ జిల్లా కేంద్ర గ్రంథాలయానికీ సర్వే చేసిన ఊళ్ల పంచాయతీలకూ వెళ్లాలి, సర్వేకు జవాబులిచ్చిన కుటుంబాల ముందు ఒక సాయంత్రం చదివి వినిపించాలి. తప్పు రాస్తే అక్కడికక్కడే దిద్దడానికి, ఆ పొలం చేసినవాళ్లే ఎదురుగా కూర్చుని ఉంటారు.