18446744073709551615: షత్రంజ్ గళ్ళలో దాగిన సంఖ్య

18446744073709551615 అనేది 20 అంకెల సంఖ్య. మన లెక్కలో రాస్తే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే సుమారు లక్షా 84 వేల కోట్ల కోట్లు. షత్రంజ్, అంటే చదరంగం, బల్ల మీది మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు పెట్టి, అలా 64 గళ్ళ దాకా రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం ఇది.

ఆట కనిపెట్టిన సిస్సా ఇబ్న్ దాహిర్ రాజును ఇనాముగా ఈ గింజలే అడిగాడని కిస్సా. ఇది చరిత్ర కాదు, కిస్సానే. 13వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ దీన్ని తన జీవిత చరిత్రల గ్రంథంలో రాశారు. ఆయనకీ మొదట నమ్మకం కుదరలేదట. అలెగ్జాండ్రియాకు చెందిన ఒక లెక్కల గుమాస్తా హిసాబ్ వేసి చూపించాకే ఒప్పుకున్నారు.

నమ్మకపోవడంలో తప్పేం లేదు. వెయ్యి గోధుమ గింజలు 40 గ్రాములు తూగుతాయనుకుంటే, సగం బల్ల నిండేసరికి అయ్యేది 170 టన్నుల చిల్లర. పది టన్నుల లారీలు ఓ పదిహేడు. ఏ రాజైనా ఇచ్చేయగలడు! అసలు చిక్కంతా రెండో సగంలోనే ఉంది. మొత్తం 64 గళ్ళకి 73 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా ఏడాదికి పండించే గోధుమలు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే 900 ఏళ్ళ పంట.

ఇంత పెద్ద లెక్కని అల్-బిరూనీ సుమారు వెయ్యేళ్ళ కిందటే, కంప్యూటర్, కాలిక్యులేటర్ లేకుండా సరిగ్గా కట్టారు. ఒక్కో గడీ కూడుతూ కూర్చోలేదు. ఏ గడిలోని సంఖ్యనైనా దానితోనే గుణిస్తే, మొదటి గడి నుంచి అంతకి రెట్టింపు దూరంలో ఉన్న గడి లెక్క వచ్చేస్తుంది. 5వ గడిలో 16 ఉంటుంది. 16ని 16తో గుణిస్తే 256, అది 9వ గడి. 256ని 256తో గుణిస్తే 65,536, అది 17వ గడి. అలాగే 33వ గడి, ఆ తర్వాత బల్ల మీద లేని 65వ గడి. అందులోంచి ఒకటి తీసేస్తే మొత్తం 64 గళ్ళ కూడిక. ఎందుకంటే ఏ గడి లెక్కైనా దాని ముందున్న గళ్ళన్నిటి మొత్తం కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ.

ఇది ప్రధాన సంఖ్య కాదు. చివర 5 ఉంది కాబట్టి 5తో భాగించవచ్చు. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తోనూ పోతుంది. పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 వస్తాయి. ఏడూ ప్రధాన సంఖ్యలే. వీటిలో 641, 67,00,417 లబ్ధం 4,29,49,67,297. ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా ఈ లబ్ధాన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నారు. దాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ తేల్చేశారు.

కంప్యూటర్ భాషలో ఇదే సంఖ్య వరసగా 64 ఒకట్లు. మైనస్ గుర్తు అవసరం లేని 64 బిట్ల అరలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దానికి ఇంకొక్క గింజ కలిపితే ఆ అరలో మిగిలేది సున్నా.