వేళ్ళ మీది బుడిపెలు

మొన్న పక్క చేను కుర్రాడు వేరుశనగ మొక్క ఒకటి పీక్కుని కంగారుగా వచ్చాడు. "బాబాయ్, వేళ్ళకి ఏదో రోగం పట్టింది" అని. రోగం కాదురా, నత్రజని బుడిపెలు, కూర్చో చెప్తాను అన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

అపరాలు వేస్తే భూమి బాగుపడుతుందని రైతుకి ఎప్పట్నుంచో తెలుసు. రెండు వేల ఏళ్ళ కిందటే రోమన్ రచయితలు లూపిన్ అనే చిక్కుడు జాతి మొక్కని, మనం జనుము దున్నినట్టే, పొలంలో కలియదున్నమని రాశారు. ఎందుకు బాగుపడుతుందంటే మాత్రం జవాబు లేదు.

1838లో ఫ్రాన్సులో బూసింగో అనే ఆయన లెక్కగట్టి చూశాడు. క్లోవర్ అనే పశుగ్రాసం, అదీ చిక్కుడు జాతే, అందులో నత్రజని పెరిగింది. గోధుమలో పెరగలేదు. మరి గాలిలోంచి వచ్చిందా? ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో లాస్, గిల్బర్ట్, పగ్ అనే ముగ్గురు 1857-58లో దీన్ని గట్టిగా పరీక్షించారు. మట్టిని కాల్చారు. మొక్కల మీద గాజు మూతలు పెట్టారు. లోపలికి పంపే గాలిని కూడా ఆమ్లంలో కడిగి పంపారు. చివరికి తేల్చిందేమిటంటే, గాలిలో నత్రజని మొక్కకి పనికిరాదని. అంత జాగ్రత్తగా చేసిన పనిని కాదనేదెవరు? రైతు మాట దాదాపు ముప్పై ఏళ్ళు గాల్లోనే ఉండిపోయింది.

జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ ఇసుక కుండీల్లో పంటలు పెంచారు. బార్లీ, ఓట్స్ నత్రజని ఎంత వేస్తే అంత పెరిగాయి. బఠానీది మాత్రం ఇష్టారాజ్యం. అదే ఇసుక, అవే నీళ్ళు, ఒక కుండీలో ఏపుగా ఉంటే పక్క కుండీలో పాలిపోయి చస్తోంది. మనమైతే విత్తనం తేడా అని షాపు వాడితో తగువేసుకునేవాళ్ళం. వాళ్ళు వేళ్ళు చూశారు. ఏపుగా ఉన్నవాటికే బుడిపెలున్నాయి. పొలం మట్టి కలిపిన నీళ్ళు కాసిని పోస్తే పాలిపోయిన బఠానీ కోలుకుంది. అవే నీళ్ళు మరగబెట్టి పోస్తే కోలుకోలేదు. అంటే మట్టిలో ప్రాణమున్నదేదో ఈ పని చేస్తోంది! 1886లో బెర్లిన్ సభలో ఈ సంగతి చెప్పారు. 1888లో హాలండులో బేయరింక్ ఆ సూక్ష్మజీవిని విడిగా పట్టుకున్నాడు. ఇప్పుడు మనం విత్తనానికి పట్టించే రైజోబియం అదే.

రోథామ్‌స్టెడ్ వాళ్ళు మట్టిని కాల్చినప్పుడు చచ్చింది ఇదే. ఆ జాగ్రత్తే వాళ్ళ కళ్ళు కప్పింది. పగ్ అప్పటికే చనిపోయాడు. లాస్, గిల్బర్ట్ మాత్రం డెబ్బై దాటిన వయసులో ప్రయోగం మళ్ళీ చేసి, జర్మనీ వాళ్ళ మాటే నిజమని ఒప్పుకున్నారు. నాకు వీళ్ళందర్లో వాళ్ళిద్దరే ఎక్కువ నచ్చారు.

కుర్రాణ్ణి బుడిపె ఒకటి గోరుతో చిదిపి చూడమన్నాను. లోపల ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టు. ఎర్రగానే ఉంది. మొక్కే, పాపం, పీకేసి వచ్చాడు.