అకోల్మాన్ శిలాసిలువ

విశ్వబ్రాహ్మణులమగు మన పంచశిల్పములలో శిలాకర్మ యొకటి. అట్టి శిలాకర్మచేతనే జీవించిన పరదేశీయుల చరిత్రము నొకదానిని ఈ మహాసభా సంచికయందు మనవి చేయదలచితిమి. మెక్సికో దేశమున అకోల్మాన్ గ్రామమందలి క్రైస్తవమఠము నెదుట నిలిచియున్న శిలాసిలువయే మా ప్రస్తావమునకు విషయము.

స్పెయిను దేశీయులు 1521 వ సంవత్సరమున ఆజ్టెకుల రాజధానియగు టెనోచ్టిట్లాను నగరమును జయించిరి. పిదప 1524 లో ఫ్రాన్సిస్కను సన్న్యాసులును, 1526 లో డొమినికనులును, 1533 లో అగస్టీనియనులును మతబోధకై యచ్చటికి వచ్చిరి. ప్రాచీన దేవాలయములు కూల్చబడెను. వాని శిలలే పెక్కుచోట్ల చర్చీల గోడలయ్యెను. బోధ వినువారు వేలకొలదిగా నుండుటచే చర్చి ముందట ప్రాకారముతో విశాలమైన యావరణ మేర్పరచి, ఆరుబయటనే పూజయు బోధయు జరుపుచుండిరి. మృతులను పాతిపెట్టు స్థలమును తఱుచుగా అదియే. ఆ యావరణమధ్యమున సిలువను నిలుపుట యాచారమయ్యెను. తొలుత నిలిపినవి కొయ్యసిలువలు. మిక్కిలి యెత్తుగా నుండుటచే నవి పిడుగులకును గాలులకును గూలుచుండెను. అందుచే శిలాసిలువలు వ్యాప్తిలోనికి వచ్చెను.

అకోల్మాన్ సిలువ 16 వ శతాబ్ది మధ్యకాలమునాటిది. దానిపై క్రీస్తు శరీరము లేదు. నిలువు దూలమును అడ్డ దూలమును గలియుచోట ముండ్లకిరీటముతో గూడిన ముఖము మాత్రమే గలదు. బాహువులనిండ లతలును పుష్పములును. నిలువు దూలముపై నిచ్చెన మొదలగు హింసాసాధనములు. పాదముకడ శోకించు మాతృమూర్తి. ముఖము తప్ప దేహము చూపకుండుటచే సిలువయే దేహమైనట్లు చూపరులకు దోచును.

దీనిని మలచినవారు ఆ దేశపు శిల్పులు. వారి పూర్వులు ఇనుము నెఱుగరు. కఠినశిలతోనే శిలను చెక్కెడివారు. స్పెయినువారి రాకతో ఇనుప ఉలులు చేతికి వచ్చెను. సన్న్యాసులు యూరపు ఖండపు ముద్రితచిత్రములను మాతృకలుగా జూపిరి. కాని చదునుగా, అంచులు వాడిగా జెక్కు పాతపద్ధతిని ఆ చేతులు విడువలేదు. మిచ్వాకాను సీమలో నేడు సియుదాద్ ఇదాల్గో యనబడు నూర నొక సిలువ గలదు. దాని నడుమ ముఖమునకు మాఱుగా అబ్సిడియను అను నల్లని గాజుశిల బిళ్ల పొదుగబడియున్నది. ఆ శిల పూర్వకాలపు దేవతార్చనలలో మన్ననగన్నది.

భక్తితో జెక్కిరా, భయముతో జెక్కిరా యని కొందఱు ప్రశ్నింతురు. అది పరాజితుల ప్రజ, వెట్టిచాకిరి కాలము, భయము లేదనలేము. అయినను ఆ పువ్వులయందలి శ్రద్ధ భయముచే మాత్రమే వచ్చునది కాదని మా యభిప్రాయము.

అకోల్మాన్ చర్చి ముఖద్వారముకడ శాసన మొకటి గలదు. 1560 లో నిర్మాణము ముగిసెననియు, అప్పటి రాజు ఫిలిప్పనియు, రాజప్రతినిధి లూయిస్ ద వెలాస్కో యనియు నందు జెప్పబడినది. సిలువను జెక్కినవాని పేరు మాత్ర మెచ్చటను లేదు. ఇట్టి శిల్పరీతికి 1942 లో హోసే మొరేనో విల్యా యను పండితుడు ‘తెకీత్కీ’ యని పేరిడెను. నావాత్ల్ భాషలో నది ‘కప్పము చెల్లించువాడు’ అని యర్థమిచ్చును. ఆ భాషలోనే నేర్పరియగు శిల్పికి ‘తోల్తేకత్ల్’ అను గౌరవనామము పూర్వమే యుండెను. పనివాని పేరు పోయిన పిదప, అతడు చెల్లించిన కప్పమే పేరుగా మిగిలెను.

మనయందు పట్టదకల్లు విరూపాక్షాలయమున, 8 వ శతాబ్దిలో దానిని గట్టిన గుండ అనివారితాచారి పేరు బిరుదములతో శాసనస్థమై యున్నది. అట్టి భాగ్య మందఱికి గలుగలేదు. మన యూళ్ల గుళ్లలో ధ్వజస్తంభము నెత్తినవారును, విగ్రహము మలచినవారును ఎవరో వృద్ధులకు మాత్రమే తెలియును. వారు గతించిన పిమ్మట జెప్పువారుండరు. కావున ప్రతి కుటుంబమువారును తమ తాతముత్తాతల పేరులను, వారు చేసిన పనులను, ఆ పను లున్న యూళ్లను వ్రాసియుంచవలయునని మా ప్రార్థనము. ఇట్టి పట్టికకు మహాసభవారును పోషకులును తోడ్పడుదురు గాక.