అసంపూర్తి రికార్డుల నుంచి ముగింపు లెక్కలు

జంటపద్దు విధానాన్ని పూర్తిగా పాటించని చిన్న వర్తకుల లెక్కలను అసంపూర్తి రికార్డులు అంటారు. ఒంటిపద్దు విధానం అనే పేరు వాడుకలో ఉన్నా అది సరిగ్గా అతకదు: ఇందులో కొన్ని వ్యవహారాలకు రెండు పద్దులూ, కొన్నిటికి ఒకటే ఉంటాయి, కొన్నిటికి ఏదీ ఉండదు. కంపెనీల చట్టం, 2013 జంటపద్దును తప్పనిసరి చేసినందున కంపెనీలకు ఈ వెసులుబాటు లేదు.

లాభం మాత్రమే తెలిస్తే చాలనుకుంటే ఏడాది మొదట, చివర వ్యవహారాల నివేదికలు తయారుచేసి మూలధనాలను పోలుస్తారు. ముగింపు మూలధనం రూ.2,60,000కు సొంతవాడకాలు రూ.90,000 కలిపి, కొత్తగా తెచ్చిన రూ.30,000, ప్రారంభ మూలధనం రూ.2,00,000 తీసివేస్తే లాభం రూ.1,20,000. అయితే ఆ లాభం ఎక్కడ పుట్టిందో ఈ పద్ధతి చెప్పదు.

వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ కావాలంటే లోపించిన అంకెలను రాబట్టాలి. అసలు నేర్పు ఇక్కడే. కిరాణా కొట్టు అరువు పుస్తకంలో మొదటి బాకీలు రూ.40,000, ఏడాదిలో వసూళ్లు రూ.3,10,000, చివరి బాకీలు రూ.55,000 ఉన్నాయనుకుందాం. రాని బాకీలు, తగ్గింపులు, వాపసులు లేకపోతే అరువు అమ్మకాలు రూ.3,25,000 అవుతాయి. సరుకు ఇచ్చినవారి ఖాతా నుంచి అరువు కొనుగోళ్లు కూడా ఇలాగే తేలుతాయి. నగదు పుస్తకాన్ని బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూడాలి.

ఎక్కువగా మరిచిపోయేది ఇంటికి తీసుకెళ్లిన బియ్యం, పప్పులు, నూనె. వాటిని కొన్న ధరకు లెక్కగట్టి కొనుగోళ్లలో తగ్గించి, సొంతవాడకాలకు చేర్చాలి. లేకుంటే లాభం తక్కువగా కనిపిస్తుంది. చివరి సరుకును స్వయంగా లెక్కపెట్టడమే మేలు; కుదరనప్పుడు స్థూల లాభపు శాతంతో అంచనా వేస్తారు.