కంటికి కానరాని నొప్పి

2008 మార్చి 23వ తేదీన హైదరాబాదు విమానాశ్రయము బేగంపేట నుండి శంషాబాదునకు తరలినది. ఆ పాత విమానాశ్రయము చెంత ఒక చిన్న భవనము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో కనుగొన్న చోటది. నేడు నేను చెప్పబోవు వ్యాధి యే సూక్ష్మదర్శినికిని చిక్కలేదు.

ఒడలెల్ల నొప్పులు, నిద్రించినను తీరని బడలిక, మతిమరపు దాని లక్షణములు. మనవారు 'వాత'మని సరిపెట్టుకొందురు. 1904లో విలియం గవర్స్ నడుమునొప్పిని గూర్చి యుపన్యసించుచు, తంతువులలో వాపు కలదని తలచి, 'ఫైబ్రోసైటిస్' అను పేరు పెట్టెను. పరీక్షింపగా వాపు కానరాలేదు. వాపు లేదు గనుక నొప్పియు లేదనిరి కొందరు వైద్యులు! బాధపడువారికి, అందును స్త్రీలకు, ఆ మాట రెండవ వ్యాధి యైనది. 1976లో హెంచ్ అను వైద్యుడు 'ఫైబ్రోమయాల్జియా' యను పేరు తెచ్చెను.

నా దృష్టిలో అసలు మలుపు 1975లో టొరంటోలో జరిగిన ప్రయోగము. మోల్డాఫ్‌స్కీ మొదలగువారు ఆరోగ్యవంతులు కొందరు గాఢనిద్రలోనికి జారినప్పుడెల్ల శబ్దము చేసి ఆ నిద్రను చెరచిరి. కొలది రాత్రులకే వారికిని ఒళ్లునొప్పులు పుట్టెను.

శంషాబాదులో విమానములు రేయింబవళ్లు తిరుగును. సరకులు మోయువారు, టాక్సీ నడుపువారు, నేల తుడుచు స్త్రీలు వంతులవారీగా రాత్రులు మేల్కొందురు. వీరందరికిని ఈ వ్యాధి వచ్చునని నేననను. వ్యాధి యున్నవారికి మాత్రము చెడిన నిద్ర చాలును, నొప్పి ప్రకోపించుటకు.

మనోవ్యథయు, మితిమీరిన శ్రమయు నట్టివే. నొప్పి తగ్గిననాడే ఇల్లాలు పండుగ బూజంతయు దులిపి, మరునాడు లేవలేకపోవును. తగ్గిననాడు సగము పని మిగుల్చుకొనవలెను. ప్రకోపించిననాడు మంచము పట్టక పెరటిలోనైన నాలుగడుగులు వేయవలెను. నిద్రకొక వేళ యుండవలెను. ఐరోపా వాతవ్యాధి వైద్యులు 2017లో ప్రకటించిన సూచనలలో గట్టిగా సమర్థించినది వ్యాయామమొక్కదానినే. కీళ్లు వాచినను, జ్వరము తగిలినను ప్రకోపమని యూరకుండరాదు, వైద్యునికి చూపవలెను. పంజాగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో ఇందుకు ప్రత్యేక విభాగము కలదు.

1990లో అమెరికా వైద్యులు దేహమున 18 చోట్ల వ్రేలితో నొక్కి, 11 చోట్ల నొచ్చినచో వ్యాధి యని నిర్ణయించిరి. 2010లో ఆ నొక్కుట మాని, రోగి చెప్పిన మాటలనే లెక్కకు దీసికొనిరి.